ట్రైలరెక్కిన శకుంతలమ్మ రూము

ఫిల్మ్‌నగర్‌లో శకుంతలమ్మ ఎవరని అడిగితే నలుగురిలో ముగ్గురు బుర్ర గోక్కునేవారు. శకుంతలమ్మ రూము ఎక్కడని అడిగితే మాత్రం ఆటోవాళ్ళు కూడా ఠకీమని దారి చెప్పేవారు. మనిషి కన్నా ఆమె రూముకే పేరెక్కువ.

రూమని పేరే గానీ నిజానికి అదొక రేకుల షెడ్డు. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్‌కు దిగే వాలులో శారదాదేవి గారి బంగళా ఉండేది. ఆ బంగళా వెనక పెరట్లో, నీళ్ళ ట్యాంకు పక్కన, ఇనుప యాంగిళ్ళ మీద నిలబెట్టిన నీలం రేకుల షెడ్డు అది. బంగళాను షూటింగులకు అద్దెకిచ్చేవారు. ముందు హాల్లో హీరో తండ్రి గుండె పట్టుకుని కూలిపోతుంటే, వెనక షెడ్డులో శకుంతలమ్మ ఆ తండ్రి గారి రెండో పంచె ఇస్త్రీ చేస్తూ ఉండేది. ఆయన ఎన్నిసార్లు కూలినా పంచె మడత ఒకే తీరుగా ఉండాలి కదా! తెర మీద పోయిన పెద్దమనుషులంతా తన చేతి ఇస్త్రీతోనే పోయారని ఆమె గర్వంగా చెప్పుకునేది.

యాభై దాటిన మనిషి. సన్నగా ఉండేది గానీ చేతులు మాత్రం పహిల్వాన్ చేతులు. అవి తండ్రి ఇచ్చినవి. ఆయన ఈ గుట్ట మీదే బండలు కొట్టినవాడు. ఒకసారి కూలికి బదులుగా ఎవరో కాంట్రాక్టరు బోరబండ వాలులో ఆయనకు ఒక చిన్న జాగా రాసిచ్చాడు. మేకలు కూడా మొహం తిప్పుకునే రాతి జాగా. ఆయన దాని మీద బండను కొంత చదును చేసి, మిగతాది చేయకుండానే వెళ్ళిపోయాడు. భర్త సినిమా యూనిట్ వ్యాను నడిపేవాడు. కూతురు మనోజ పాలు తాగే వయసులో ఉండగానే అతనూ పోయాడు. అప్పుడు కాస్ట్యూమ్ వాళ్ళు జాలిపడి ఇస్త్రీ పని ఇచ్చారు. వాళ్ళది జాలే కావచ్చు, ఆమె మాత్రం దాన్ని ఉద్యోగంలా చేసింది. ఇల్లు రహమత్ నగర్‌లో కిరాయికి. ఇరవై ఏళ్ళ పైగా పగలంతా ఆ షెడ్డులోనే. అన్నేళ్ళలో దాని తాళంచెవి ఒక్క రాత్రి కూడా ఆమె కొంగున లేదు. సాయంత్రం కాగానే శారదాదేవి గారి తాళాల గుత్తికి తగిలించి వెళ్ళాల్సిందే.

శకుంతలమ్మకు అన్నీ బాగున్నాయి గానీ దిష్టి పిచ్చి ఒకటుంది. హీరోయిన్ కొత్త చీరకు కుచ్చిళ్ళు మడిచేటప్పుడు లోపలి మడతలో ఒక ఎండుమిరపకాయ దాచేది. ఒకసారి ఆ హీరోయిన్ పెళ్ళిపీటల మీద సిగ్గుపడాల్సింది పోయి తుమ్మడం మొదలుపెట్టింది. డైరెక్టరు తల పట్టుకున్నాడు. కాస్ట్యూమ్ డిజైనర్ పద్మప్రియ చీర దులిపి మిరపకాయ బయటికి తీసి "ఏంటిది శకుంతలమ్మా!" అని అరిచింది. "దిష్టయితే తగల్లే గద. తుమ్ములే గద వచ్చినయ్" అంది శకుంతలమ్మ, ఏమాత్రం తొణక్కుండా. ఈ పిచ్చే తర్వాత ఆమె కొంప ముంచబోయింది. ఆ కథే ఇప్పుడు చెప్పబోయేది.

బంగళా అమ్మేశానని శారదాదేవి గారు ఒక బుధవారం కబురు చెప్పారు.

"సోమవారం పొద్దున్నే పడగొట్టడానికి జేసీబీ వస్తుందట శకుంతలా. నేననుకున్న దానికన్నా అంతా తొందరగా జరిగిపోయింది" అన్నారావిడ. గొంతులో బాధ ఉంది.

"మరి షెడ్డు?"

"పాత ఇనుము వాడికి చెప్పారట. నేను వద్దన్నాను. అది నీది. ఆదివారం లోపల తీసుకెళ్ళగలిగితే తీసుకెళ్ళు."

"తీస్కపోత" అంది శకుంతలమ్మ. ఎలా అని ఆలోచించలేదు. షెడ్డు అంటే చంకన పెట్టుకుపోయే సంచి కాదని అప్పటికింకా తట్టలేదు.

ఆ సాయంత్రమే పద్మప్రియ ఫోన్ చేసింది. ఒక పెద్ద పాట తీస్తున్నారు, గుంపు డాన్సర్లందరి బట్టలూ సోమవారం పొద్దున ఇస్త్రీకి రావాలి. "బంగళా పోతోందట కదా. మీకు రూమ్ ఉంటే చెప్పండి, బట్టలు అక్కడికే పంపిస్తాను. లేకపోతే లాండ్రీ కంపెనీకి ఇచ్చేయమంటున్నారు ప్రొడక్షన్ వాళ్ళు. ఒక్కసారి వాళ్ళకిస్తే ఇంక అన్నీ వాళ్ళకే పోతాయి, నా చేతుల్లో ఉండదు" అంది.

"నా రూముకేమైంది? సోమవారం నుంచి బోరబండల ఉంటది. అడ్రస్ రాస్కో" అని శకుంతలమ్మ తండ్రి జాగా గుర్తులన్నీ చెప్పేసింది.

పక్కనే అన్నం తింటున్న మనోజకు పొలమారింది. "ముందు గాడ రూముండాలె గదనే అమ్మా! బండ మీద అడ్రస్ ఇచ్చుడేంది?"

"ఆదివారం సూడు నువ్వు" అంది తల్లి.

మర్నాడు ఆమె జంగయ్యను పట్టుకుంది. జంగయ్య సెట్లు వేసే వడ్రంగి మేస్త్రీ. కృష్ణానగర్‌లో ఉంటాడు. జమీందారు గడీలూ, కోర్టు హాళ్ళూ, రైల్వేస్టేషన్లూ రాత్రికి రాత్రి లేపగలడు. సినిమా కాగానే వాటిని అతనే పీకించేస్తాడు. షెడ్డులో గోడ పొడుగునా ఉన్న టేకు బల్ల కూడా అతను చేసిందే. షెడ్డు చుట్టూ తిరిగి బోల్టులు తట్టి చూసి పెదవి విరిచాడు.

"శకుంతలక్కా, బోల్టులన్ని తుప్పువట్టి ఒక్కటైనయ్. విప్పుడు కాదు. గ్యాసుతోని కోస్తే తుక్కయితది. ఇగ బల్ల సంగతి జెప్పాల్నంటే, నేను లోపల్నే కోసి లోపల్నే బిగించిన. తలుపుల కెళ్ళి బయటికి రాదు. రెండు ముక్కలు చెయ్యాలె."

"నా బల్లను కోస్తే నీ చేతులు కోస్త."

జంగయ్య నవ్వాడు. మళ్ళీ ఒకసారి చుట్టూ తిరిగాడు. ఈసారి తిరిగేటప్పుడు కళ్ళలో వెలుగొచ్చింది. "అయితే కొయ్యొద్దు, విప్పొద్దు. అట్లనే లేపుదాం. సెట్టు గోడలు ఎన్ని మొయ్యలేదు? బొంగులు కడదాం, పోరగాళ్ళను పిలుద్దాం. జేసీబీలు మోసే పొడుగు ట్రైలరున్నది మన ఇశ్రాయేలు దగ్గర. ఈ వచ్చే ఆదివారం రెండో ఆదివారం గద?"

శకుంతలమ్మ ఎగిరి గంతేసినంత పనైంది. నెలలో రెండో ఆదివారం షూటింగులకు సెలవు. సెట్టు వాళ్ళు, లైట్ల వాళ్ళు, అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు. దేవుడే తేదీ చూసి పెట్టాడని ఆమెకు అప్పుడే రూఢి అయిపోయింది.

ఆదివారం తెల్లవారీ తెల్లవారక ముందే ఆమె ఫిల్మ్‌నగర్ చేరింది. తలకు పోసుకుని, ఎర్ర అంచు చీర కట్టుకుని, చేతిలో ఒక పెద్ద బూడిద గుమ్మడికాయ పట్టుకుని వచ్చింది. కొత్త చోట షెడ్డు గుమ్మానికి కట్టడానికి యూసుఫ్‌గూడ మార్కెట్లో ఏరి ఏరి తెచ్చుకుంది. జంగయ్య మనుషులు అప్పటికే పెరటి ప్రహరీని ఒక పక్క పడగొట్టి దారి చేశారు. ఎలాగూ మర్నాడు పడేదే కాబట్టి శారదాదేవి గారు చేయి ఊపి సరేనన్నారు. షెడ్డు అడుగున బొంగులు దూర్చి తాళ్ళతో బిగించారు. రోడ్డు మీద ట్రైలరు వెనక తలుపు దించుకుని సిద్ధంగా ఉంది.

డ్రైవరు ఇశ్రాయేలుది తెనాలి వైపు. బోరబండ చర్చిలో ఆదివారం ఆరాధనకు డోలక్ వాయిస్తాడు. వస్తూనే ఆ మాట చెప్పేశాడు. "అమ్మా, పదకొండింటికి నేను చర్చిలో ఉండాలండీ. మొదటి పాట నా డోలక్‌తోనే ఎత్తుకుంటారు."

"గంతకన్న ముందే నా రూముల కూసుండి చాయ తాగుతవ్ బిడ్డా" అంది శకుంతలమ్మ.

జంగయ్య కర్పూరం వెలిగించి షెడ్డు ముందు కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరికాయ పగలకుండా సినిమా వాళ్ళు మేకు కూడా కొట్టరు. తర్వాత మనుషులంతా బొంగుల కింద భుజాలు పెట్టారు.

"జోర్ లగాకే..."

"హైసా!"

షెడ్డు కదల్లేదు.

"జోర్ లగాకే..."

"హైసా!"

కిర్రుమంది. ఇన్నేళ్ళ మట్టి వదిలింది. నీలం రేకుల షెడ్డు, టేకు బల్లతో సహా, నేల విడిచి మనుషుల భుజాల మీదికి లేచింది. అది ఉన్న చోట చదరంగా తెల్లటి నేల బయటపడింది. శకుంతలమ్మ ఆ నేలను ఒకసారి చూసింది, ఇంక చూడలేకపోయింది. షెడ్డు ఊగుతూ ఊగుతూ ప్రహరీ దాటింది. మెల్లగా ట్రైలరెక్కి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్క బంగళాల బాల్కనీల్లోంచి నైటీలూ నిక్కర్లూ ఫోన్లు పట్టుకుని వీడియోలు తీశాయి. ఎవరో కుర్రాడు "ట్రైలర్ వచ్చేసింది, సినిమా ఎప్పుడు?" అని అరిచాడు.

శారదాదేవి గారు కిందికి దిగి వచ్చారు. గుత్తిలోంచి ఒక తాళంచెవి తిప్పి తిప్పి తీసి శకుంతలమ్మ అరచేతిలో పెట్టారు. "ఇది ఎప్పుడో ఇవ్వాల్సింది" అన్నారు. శకుంతలమ్మ దాన్ని కొంగున ముడివేసుకుంది. ఆ క్షణాన ఆమెకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. కాళ్ళు నేల మీద ఆగలేదు.

సరిగ్గా అప్పుడే ఆమెకు భయమేసింది. ఇన్ని కళ్ళు! ఇన్ని ఫోన్లు! జూబ్లీహిల్స్ అంతా నోరు తెరుచుకుని తన షెడ్డును చూస్తోంది. ఇంత దిష్టితో ఇది బోరబండ చేరుతుందా? జంగయ్యను అడుగుదామంటే అతను పొడుగాటి ఎండు బొంగు పట్టుకుని ముందు రోడ్డు మీద వేలాడే కేబుల్ తీగలు ఎత్తులో ఉన్నాయో లేదో చూడటానికి వెళ్ళాడు. ఆమె ఆగలేదు. గుమ్మడికాయ ఎత్తింది. కుంకుమ అద్దింది. ట్రైలరు ముందు మూడుసార్లు తిప్పి రోడ్డుకేసి కొట్టింది.

ఫట్!

"హోయ్!" అని ఒక్కసారిగా కేక లేచింది. ఈలలు పడ్డాయి. మనుషులు ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు, చేతులు దులుపుకున్నారు, చొక్కాలు తొడుక్కున్నారు. "మంచిగయింది అక్కా", "ముబారక్ అక్కా" అంటూ దండాలు పెట్టారు. బండ్లు స్టార్టయ్యాయి. మెచ్చుకోళ్ళకు ఉబ్బిపోతూ శకుంతలమ్మ అందరికీ చేయి ఊపింది.

పొగ తగ్గాక ఇశ్రాయేలు క్యాబిన్‌లోంచి తల బయటపెట్టాడు. "అమ్మా, మరి దింపేవాళ్ళేరండీ?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు మీద పగిలిన గుమ్మడికాయ, దాన్ని వాసన చూస్తున్న కుక్క తప్ప ఎవరూ లేరు.

బొంగు భుజాన వేసుకుని తిరిగొచ్చిన జంగయ్య ముందు ఖాళీ రోడ్డును చూశాడు. తర్వాత గుమ్మడికాయను చూశాడు. తర్వాత రోడ్డు మీదే గొంతుక్కూర్చున్నాడు.

"గుమ్మడికాయ ఎవలు గొట్టిండ్రు?"

"నేనే. దిష్టికి."

"అక్కా! ఇండస్ట్రీల గిన్నేండ్లున్నవ్! గుమ్మడికాయ గొడితే ఏందో ఎర్కలేదా?"

ఎరుకే. ఎందుకు ఎరుక లేదు? సినిమా మొదలుపెడితే కొబ్బరికాయ కొడతారు, చివరి షాటు అయ్యాక గుమ్మడికాయ కొడతారు. గుమ్మడికాయ పగిలిందంటే పని అయిపోయిందని అర్థం, ఇక ఎవరూ ఎవరి మాటా వినరు, ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు. నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దని జంగయ్య పొద్దున్నే అందరికీ చెప్పాడు. కానీ ఆ పగిలే చప్పుడు ముందు మేస్త్రీ మాట ఎంత? ఏళ్ళ తరబడి ఆ చప్పుడుకే వాళ్ళ చేతులు పని వదిలేస్తున్నాయి. శకుంతలమ్మకు ఇదంతా తెలుసు. కానీ ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. ముందు వాకిట్లో గుమ్మడికాయ పగిలేటప్పుడు ఆమె ఎప్పుడూ వెనక షెడ్డులో బట్టలు సర్దుతూ ఉండేది. కేక వినపడేది, అంతే. రమ్మని ఎవరూ పిలిచేవారు కాదు. ఆమె చేతికి తెలిసిన గుమ్మడికాయ ఇంటి ముందు దిష్టి తీసే గుమ్మడికాయే. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చి ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

జంగయ్య ఫోన్లు మొదలుపెట్టాడు. కొందరు ఎత్తలేదు. ఎత్తినవాళ్ళు వింతగా అడిగారు. "గుమ్మడికాయ గొట్టినంక ఇంకేం పనన్నా?" ఒకడైతే భయపడ్డాడు కూడా. "పగిలినంక మళ్ళ గదే పనికి చెయ్యి వెడితే మంచిది గాదన్నా, మా పెద్దమేస్త్రీ కాలు గట్లనే ఇరిగింది" అని పెట్టేశాడు.

మనోజ ఫోన్ చేసింది. ఆమె బోరబండలో బండ ఊడ్చి, నీళ్ళు చల్లి కూర్చుంది. "యాడిదాక వచ్చిండ్రే?"

"వస్తున్నం" అంది శకుంతలమ్మ. అబద్ధం చెప్పలేదు. మనుషులు లేకుండా వస్తున్నామని చెప్పలేదు, అంతే. బోరబండలో ట్రైలరు ఆగేది మెయిన్ రోడ్డు మీదే. అక్కడి నుంచి ఆమె జాగాకు ఎక్కే సందులో ఆటో కూడా దూరదు. భుజాల మీదే మోయాలి. ఆ భుజాలన్నీ ఇప్పుడు కృష్ణానగర్‌లో ఇడ్లీలు తింటున్నాయి.

"వాపస్ దించుదామన్నా మనుషుల్లేరు" అన్నాడు జంగయ్య నీరసంగా.

"వాపసా? ఎవలిస్తరు వాపస్? రేపు జేసీబీ వస్తది గాడికి. నడువు బిడ్డా!" అంది శకుంతలమ్మ ఇశ్రాయేలుతో. ఆమె క్యాబిన్ ఎక్కలేదు. ట్రైలరెక్కి, షెడ్డు తలుపు బార్లా తెరిచి, గడప మీద కూర్చుని యాంగిల్ గట్టిగా పట్టుకుంది. దిగమని ఇద్దరూ బతిమాలారు. దిగలేదు. జంగయ్య తాడు తెచ్చి ఆమె నడుముకూ యాంగిల్‌కూ కట్టి, బొంగు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఇశ్రాయేలు ఎద్దుబండి నడిపినట్టు నడిపాడు.

అలా శకుంతలమ్మ తన రూము గడప మీద కూర్చుని ఫిల్మ్‌నగర్ దాటింది. ఎన్నో ఏళ్ళుగా నడిచీ, ఆటోల్లో ఇరుక్కునీ తిరిగిన రోడ్డే. ఎత్తు మీద నుంచి చూస్తే అది వేరే ఊరిలా ఉంది. బంగళాల గోడల లోపల ఏముందో ఆమెకు మొదటిసారి కనిపించింది. ఖాళీ లాన్లూ, ఎవరూ కూర్చోని ఉయ్యాలలూ ఉన్నాయి. "గింత జాగలో ఒక్క ఇస్త్రీ బల్ల లేదు" అనుకుంది. చెక్‌పోస్టు దగ్గర కార్ల వాళ్ళు ఆపి మరీ చూశారు. ఒక బస్సు నిండా జనం కిటికీల్లోంచి చేతులు ఊపారు. గుండెల్లో దడ దడలాగే ఉంది, కానీ ఏం చేస్తుంది, ఆమె కూడా నవ్వుతూ చేయి ఊపింది. ఆ గాలికి ఆ దడ కూడా హుషారుగానే ఉంది.

వెంకటగిరి వాలు దిగుతుండగా ఇశ్రాయేలు సిగ్నల్ దగ్గర ఆపి తల వెనక్కి తిప్పాడు. "మేస్త్రీ గారూ, ఒక మాట అడగనా అండీ? మా దగ్గరైతే పని చెడితే ప్రార్థన చేసుకుని మళ్ళీ మొదలెడతాం. మీ వాళ్ళకి మళ్ళీ మొదలెట్టడం అంటే ఏంటండీ?"

జంగయ్య, శకుంతలమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొబ్బరికాయ!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పాత పనికి చేయి పెట్టకూడదు, సరే. కొత్త పనికి పెట్టొచ్చుగా?

కృష్ణానగర్ కూడలిలో ఆదివారం పొద్దున చాయ హోటళ్ళు కిటకిటలాడుతున్నాయి. సెట్టు వాళ్ళు, లైట్ల వాళ్ళు, వేషాల కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు, అందరూ సాసర్లలో చాయ ఊదుకుంటున్నారు. వాళ్ళ మధ్యలోకి నీలం రేకుల షెడ్డు వచ్చి ఆగింది. శకుంతలమ్మ నడుము తాడు విప్పుకుని దిగింది. పూలకొట్టులో కొబ్బరికాయ కొంది. జంగయ్య ఇంకో గుమ్మడికాయ కూడా కొని, ఎవరికీ కనపడకుండా తువ్వాలు చుట్టి క్యాబిన్‌లో దాచాడు. "ఇదిగ పనంత అయినంకనే. అప్పటిదాంక దీన్ని ముట్టినవంటే జూడు" అని ఆమెకు వేలు చూపించాడు.

ఆమె ట్రైలరు ముందు చక్రం దగ్గర కర్పూరం వెలిగించింది. కొబ్బరికాయ ఎత్తి, తండ్రి సుత్తె ఎత్తినట్టు ఎత్తి, ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసింది. "కొత్త సినిమా మొదలైందొహో!" అని కూడలి దద్దరిల్లేలా కేకేసింది.

చాయ గ్లాసులు ఆగిపోయాయి. పొద్దున షెడ్డు ఎత్తినవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఒకడు గట్టిగా అడిగాడు. "సినిమా పేరేందక్కా?"

"శకుంతలమ్మ రూము!"

"హీరో ఎవలు?"

"నువ్వే! ఎక్కు!"

పెద్ద నవ్వు లేచింది. ముందు ఒకడెక్కాడు. "మల్ల కొబ్బరికాయ గొట్టిండ్రు గదరా, ఇంకేం భయం" అంటూ ఇంకో ఇద్దరెక్కారు. పొద్దున వచ్చినవాళ్ళంతా రాలేదు. కొందరు మాంసం కొట్టుకు పోయారు, కొందరు నిద్రపోయారు. కానీ వాళ్ళ బదులు జూనియర్ ఆర్టిస్టులెక్కారు. ఎన్నో ఏళ్ళుగా హీరో వెనక నిలబడిన వాళ్ళు, హీరో వేషమని పిలిస్తే ఊరుకుంటారా? వాళ్ళలో వెంకటరామయ్య అని ఒకాయన, చేసిందల్లా కానిస్టేబుల్ వేషాలే. మీసం కూడా దానికోసమే పెంచాడు. ట్రైలరు ముందు నడుస్తూ ఈలవేసి, చేయి అడ్డం పెట్టి, యూసుఫ్‌గూడలో ఆటోలనూ బండ్లనూ ఆపేశాడు. చొక్కా లుంగీలో ఉన్న మనిషి ఆపితే ఎందుకు ఆగామో ఆ ఆటోవాళ్ళకే తెలియదు.

రహమత్ నగర్‌లో ఆమె కిరాయి ఇంటి వీధి మొగ దగ్గర ఇరుగుపొరుగు వాళ్ళు నిలబడి ఉన్నారు. "ఏందే శకుంతలా గిది?" అని ఎవరో అరిచారు. "నా రూము!" అని ఆమె పైనుంచి అరిచింది.

బోరబండ మెయిన్ రోడ్డు మీద ట్రైలరు ఆగింది. శకుంతలమ్మ షెడ్డు తలుపు మూసి తాళం వేసింది. బొంగులు మళ్ళీ బిగించారు. మనోజ పరుగెత్తుకుంటూ వచ్చి, తల్లిని చూసి, షెడ్డును చూసి, తనూ ఒక తాడు కొస అందుకుంది.

"జోర్ లగాకే..."

"హైసా!"

సందు నిట్టనిలువుగా ఎక్కుతుంది. షెడ్డు అంగుళం అంగుళం పాకింది. గోడలకు రేకులు రాసుకుని కీచుమన్నాయి. పిల్లలు మేడల మీదికెక్కారు. సగం దారిలో సందు మలుపు తిరిగే చోట ఒకరి ఇంటి మెట్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అక్కడ షెడ్డును ఒక పక్కకు వంచక తప్పలేదు. వంచగానే లోపల టేకు బల్ల బరువంతా కింది మూలకు వాలింది. ఆ మూల మోస్తున్న ఇద్దరూ ఆర్టిస్టులు, సెట్టు వాళ్ళు కారు. ఒకడి కాలు జారింది. షెడ్డు కిందికి జరిగింది.

"వట్టండిరో!" అని జంగయ్య కేకేశాడు.

ఎవరు పట్టాలో తేల్చుకునే లోపల శకుంతలమ్మ ఆ మూల కిందికి దూరింది. రెండు చేతులూ యాంగిల్ కింద పెట్టి భుజం ఆనించింది. కళ్ళు మూసుకుంది. మెడ నరాలు తేలాయి. ఎన్నో ఏళ్ళు ఆ షెడ్డు ఆమెను ఎండా వానా తగలకుండా కాచింది. దాన్ని తను మోయాల్సింది ఈ ఒక్క నిమిషమే కదా అనిపించింది. స్టీరింగు వదిలి వెనకాలే నడిచొస్తున్న ఇశ్రాయేలు వచ్చి పక్కన భుజం పెట్టాడు. వెంకటరామయ్య ఈల పారేసి వచ్చి పెట్టాడు. మనోజ పెట్టింది.

"జోర్ లగాకే!" అంది శకుంతలమ్మ పళ్ళ బిగువున.

"హైసా!"

షెడ్డు లేచింది. మలుపు తిరిగింది. ఆ పైన ఇంకెవరూ ఆగలేదు. పరుగులాంటి నడకతో ఎక్కి, తండ్రి చదును చేసిన బండ మీద దాన్ని దించారు. కొలిచి చేసినట్టు సరిపోయిందని అబద్ధం చెప్పను. ఒక మూల కాస్త గాల్లోకి వచ్చింది. జంగయ్య దాని కింద నాలుగు ఇటుకలు పేర్చి, ఊపి చూసి, సరే అన్నాడు.

శకుంతలమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. దారిలో యాంగిల్ కొంచెం మెలిపడింది, తలుపు బిగుసుకుపోయింది. రెండుసార్లు భుజంతో నెడితే తెరుచుకుంది. లోపల బల్ల ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క ముక్క కూడా ఊడలేదు. ఆమె దాని మీద రెండు అరచేతులూ ఆనించి కాసేపు అలాగే నిలబడింది. ఏడ్చింది, దాచుకోలేదు కూడా. తర్వాత ముక్కు చీది, పద్మప్రియకు ఫోన్ చేసింది. "రేపు పొద్దున బట్టలు పంపియ్యమ్మా. రూము తయారున్నది."

దూరంగా చర్చిలో పాట వినపడింది. ఇశ్రాయేలు చెవులు రిక్కించాడు. "మొదటి పాట అయిపోయిందండీ. రెండోదైనా అందుకుంటాను" అని చాయ తాగకుండానే సందు కిందికి పరుగెత్తాడు.

మిగతావాళ్ళంతా బండ మీద కూలబడ్డారు. చెమటలు కారుతున్నా మొహాలు వెలిగిపోతున్నాయి. అప్పుడు జంగయ్య తువ్వాలు మూట భుజాన పెట్టుకుని వచ్చాడు. విప్పగానే గుమ్మడికాయ కనపడి అందరూ ఈలలేశారు.

"ఇగ గొట్టక్కా! ఇప్పుడు అసలైన ప్యాకప్!"

అందరూ లేచి చుట్టూ నిలబడ్డారు. ఇన్నేళ్ళలో గుమ్మడికాయ కొట్టే చోటికి శకుంతలమ్మను పిలవడం అదే మొదలు. మధ్యలో నిలబెట్టి, దాన్ని ఆమె చేతికే ఇచ్చారు. ఆమె దాన్ని తీసుకుంది. అందరి మొహాలూ చూసింది. ఒక్క నిమిషం ఆశగానే ఉంది. చేతులు పైకి లేచాయి కూడా.

తర్వాత మెల్లగా దించింది.

"వద్దు" అంది. "జంగయ్యా, సెట్టుకు గొడ్తరు గుమ్మడికాయ. కొట్టిన తెల్లారే నువ్వే పీకేస్తవ్. ఇది సెట్టు గాదు. దీన్ని గొట్టేది లేదు. కట్టు."

జంగయ్య గుమ్మడికాయ అందుకున్నాడు. ఎన్నో గడీలు కట్టినవాడు, ఎన్నో కోర్టులు కట్టినవాడు. వాటిలో ఒక్కటైనా ఈరోజు ఎక్కడా నిలబడి లేదు. అతను ఉట్టి తాడు అల్లి గుమ్మడికాయను అందులో కూర్చోబెట్టి, షెడ్డు గుమ్మానికి పైన యాంగిల్‌కు కట్టాడు. ముడి వేశాడు. దాని మీద ఇంకో ముడి వేశాడు. చేత్తో లాగి చూశాడు.

"ఇంకోటి ఎయ్యనా అక్కా?"

"ఎయ్యి" అంది శకుంతలమ్మ.